కోసుకి ఎన్ని కిలోమీటర్లు? పాత దూరాల్ని నేటి మ్యాపు మీదికి తెచ్చే పద్ధతి

కోదాడలో మా ఇంటికి పాత కాగితాలు పట్టుకుని వచ్చేవాళ్ళు రెండు రకాలు. గట్టు తగాదా ఉన్నవాళ్ళు తాతల నాటి టిపన్ (పొలం కొలతలు గొలుసుల్లో రాసిన సర్వే పటం) నకలు తెస్తారు. ఊరి చరిత్ర రాసే పిచ్చి ఉన్నవాళ్ళు దూరాలు కోసుల్లో రాసిన పాత యాత్రికుల రాతల్లోంచి పేజీలు జిరాక్స్ తీసి తెస్తారు. లెక్చరర్లు, రిటైరైన టీచర్లు, ఈ మధ్య బీటెక్ కుర్రాళ్ళు కూడా వస్తున్నారు. నేను సర్వే శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి ఇద్దరికీ నేనే దొరుకుతాను. ఇద్దరూ అడిగేది ఒకటే: "సార్, కోసుకి ఎన్ని కిలోమీటర్లు? గొలుసుకి ఎన్ని మీటర్లు? ఒక్క నంబరు చెప్పండి, గుణించుకుంటాం."

ఆ ఒక్క నంబరు లేదు. ఇంటర్నెట్లో దొరికేది ఎక్కడో ఒకచోట, ఎవరో ఒకరి కోసుకి మాత్రమే సరిపోతుంది. అందుకే నేను ముందు గుణించనివ్వను, భాగించమంటాను. రాసినాయన చెప్పిన దూరాల్లో రెండు కొసలూ ఈనాటికీ కదలకుండా ఉన్నదాన్ని ఒకటి పట్టుకోవాలి. దాన్ని ఇవాళ మనం కొలవాలి. ఆ కొలతని ఆయన చెప్పిన అంకెతో భాగిస్తే వచ్చేది ఆయన కోసు. గుణకారం ఆ తర్వాత.

ఈ పనికి మా ఊరు భలే అనువైన చోటు. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకి వెళ్ళే పాత రాకపోకలన్నీ ఈ చుట్టుపక్కల నుంచే సాగాయి. ఇవతల కోదాడ నిజాం రాజ్యం, అవతల జగ్గయ్యపేట మద్రాసు ప్రెసిడెన్సీ. అంటే కోసు, మైలు, ఫర్లాంగు, రెండు రకాల గొలుసులు అన్నీ ఒకే రోడ్డు మీద తగులుతాయి. అందుకని ఉదాహరణలు ఇక్కడివే ఇస్తాను.

అది ఎవరి కోసు?

అక్బరు కాలంలో కోసు అంటే 5,000 ఇలాహీ గజాలు. ఇంగ్లీషువాళ్ళు ఉత్తరాదిలో భూముల లెక్కలకి ఇలాహీ గజాన్ని 33 అంగుళాలుగా ఖాయం చేశారు. అంటే కోసు 1,65,000 అంగుళాలు, సుమారు 4.19 కి.మీ. దీన్ని సరిచూసుకోవడానికి సాక్ష్యం కూడా ఉంది. మొఘలుల రహదారి మీద కోసుకొకటి చొప్పున కట్టిన కోస్ మీనార్లు ఇప్పటికీ కొన్ని నిలబడి ఉన్నాయి, ఒకటి ఢిల్లీ జూ ఆవరణలోనే ఉంది. ఢిల్లీ ప్రాంతంలో ఈ మీనార్ల మధ్య దూరం కొలిస్తే సగటున 2 మైళ్ళ 4 ఫర్లాంగుల 158 గజాలు తేలింది. అది 4,558 గజాలు, 4.17 కి.మీ. రాతలో ఉన్న లెక్కా, నేల మీద ఉన్న లెక్కా ఒకదానికొకటి అతికినట్టు సరిపోయాయి. కొలతని నమ్మడానికి ఇంతకన్నా ఏం కావాలి?

కానీ అది ఆ రోడ్డు మీది కోసు. దాన్ని పట్టుకొచ్చి మన రోడ్డు మీద పరిస్తే ఏమవుతుందో చూడండి. 17వ శతాబ్దంలో వజ్రాల వ్యాపారానికి వచ్చిన ఫ్రెంచివాడు టావెర్నియర్, గోల్కొండ నుంచి మచిలీపట్నానికి తిన్నని దారిలో 100 కోసులని రాశాడు. అక్బరు కోసుతో గుణిస్తే 419 కి.మీ. మరి ఇవాళ గోల్కొండలో కారెక్కి మచిలీపట్నం బీచిలో దిగినా మీటరు అంత తిరగదు, 350 దగ్గర ఆగిపోతుంది. తప్పు టావెర్నియర్‌ది కాదు. దక్కనులో నడిచిన కోసు వేరు, అంతే.

యోజనం సంగతి ఇంకా ఘోరం. ఆర్యభటుడు భూమి వ్యాసం 1,050 యోజనాలన్నాడు, సూర్యసిద్ధాంతం 1,600 అంటుంది. ఇవాళ మనకి తెలిసిన వ్యాసం 12,742 కి.మీ.ని వీటితో భాగిస్తే ఒకదాంట్లో యోజనం 12.1 కి.మీ., రెండోదాంట్లో 8 కి.మీ. వస్తుంది. అందులోనూ ఈ భాగహారం చేసే ముందే "ఆయన కొలిచిన భూమి సైజు కరెక్టే" అని మనం ఒప్పేసుకున్నట్టు. అది ఒప్పుకుంటే ఇక సరిచూసేదేముంది? వాట్సాప్‌లో తిరిగే "ఇన్ని వేల యోజనాలు, గుణిస్తే సూర్యుడి దూరం" లెక్కలు ఇలాంటివే. కావలసిన జవాబు వచ్చే యోజనాన్ని ముందే ఎంచుకుని మొదలుపెడతారు. వాటిని ఫార్వర్డ్ చేయకండి, నాకు అసలే పంపకండి.

మన ఆమడ నాలుగు కోసులు. ఎనిమిది మైళ్ళని పెద్దలు చెప్పే లెక్క ఉంది. దాన్ని గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

కొలిచి, భాగించడం

ముందు రెండు కొసల అక్షాంశ రేఖాంశాలు తీసుకోండి. ఫోన్లో గూగుల్ మ్యాప్స్ తెరిచి చోటు మీద వేలు నొక్కిపట్టుకుంటే అంకెలు వస్తాయి. రెండు దశాంశ స్థానాలు చాలు. డిగ్రీలో నూరో వంతు అంటే ఒక కిలోమీటరు పైచిలుకు. "100 కోసులు" అని గుండుగుత్తగా చెప్పినాయన లెక్కకి అంతకంటే సన్నంగా పోయి సాధించేదేమీ లేదు. ఆరు దశాంశాలు రాసేవాళ్ళని చూస్తే నాకు నవ్వొస్తుంది. అది మనిషి బెత్తెడు వరకు చెప్పడం.

గోల్కొండ 17.38 ఉత్తరం, 78.40 తూర్పు. మచిలీపట్నం 16.19 ఉత్తరం, 81.14 తూర్పు. అక్షాంశాల తేడా 1.19 డిగ్రీలు, రేఖాంశాల తేడా 2.74 డిగ్రీలు.

ఇక్కడ ఒక సంగతి. డిగ్రీ అంటే 111 కి.మీ. అని బళ్ళో చెప్పింది రెండు దిక్కులకీ పనికిరాదు. భూమి ధ్రువాల దగ్గర కొంచెం అణిగి ఉంది కాబట్టి మన దగ్గర ఉత్తర దక్షిణంగా డిగ్రీకి 110.67 కి.మీ. తూర్పు పడమరగా అయితే రేఖాంశాలు పైకి పోయేకొద్దీ దగ్గరవుతాయి కాబట్టి ఈ దారి మధ్యలో, అంటే 16.8 అక్షాంశం దగ్గర, 106.6 కి.మీ. మాత్రమే. శ్రీకాకుళం వైపు ఇంకా తగ్గుతుంది, చిత్తూరు వైపు పెరుగుతుంది.

1.19ని 110.67తో గుణిస్తే 131.7. 2.74ని 106.6తో గుణిస్తే 292.1. రెండింటి వర్గాలూ కలిపి వర్గమూలం తీస్తే 320 కి.మీ. కాలిక్యులేటర్ మీద రెండు నిమిషాల పని. భూమి వంపు లెక్కలోకి తీసుకుని చేసే పెద్ద సూత్రాలు ఉన్నాయి. 1975లో విన్సెంటీ ఇచ్చినది, 2013లో కార్నీ ఇచ్చినది సాఫ్ట్‌వేర్లన్నీ వాడుతున్నాయి. మూడు నాలుగు వందల కిలోమీటర్ల లోపు, మన అవసరానికి, ఈ చేతి లెక్కకీ వాటికీ చెప్పుకోదగ్గ తేడా రాదు.

క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్ వాడే కుర్రాళ్ళకి ఒక హెచ్చరిక. కొలిచే టూల్లో కార్టీజియన్ (మ్యాపు బల్లపరుపు అనుకుని కొలిచేది), ఎలిప్సాయిడల్ (భూమి వంపుతో కొలిచేది) అని రెండు ఆప్షన్లుంటాయి. వెనకాల గూగుల్ తరహా వెబ్ మెర్కేటర్ మ్యాపు వేసుకుని కార్టీజియన్‌లో కొలిస్తే ఈ 320 కాస్తా 335 చూపిస్తుంది. ఆ మ్యాపు భూమధ్యరేఖ నుంచి దూరం పోయేకొద్దీ నేలని సాగదీస్తుంది, మన దగ్గర ఆ సాగుడు నాలుగున్నర శాతం దాకా ఉంటుంది. ఎలిప్సాయిడల్ పెట్టుకోండి. లేదంటే ప్రాజెక్టుని యూటీఎం (భూమిని ఆరేసి డిగ్రీల పట్టీలుగా విడగొట్టి మీటర్లలో కొలిచే పద్ధతి) 44 ఉత్తర జోన్‌లోకి మార్చుకోండి. 78 నుంచి 84 డిగ్రీల దాకా అదే జోన్, ఈ దారంతా అందులోనే ఉంది. అనంతపురం వాళ్ళు మాత్రం 43లోకి వెళ్ళాలి.

ఇప్పుడు భాగించండి. సరళరేఖలో 320 కి.మీ., ఆయన కోసులు 100. కోసుకి 3.2 కి.మీ. నేటి రోడ్డు ప్రకారం 350 అనుకుంటే కోసుకి 3.5. ఈ రెండూ దగ్గర పెట్టుకోండి, రెండూ కావాలి. నాలుగు కోసుల ఆమడ సరళరేఖ లెక్కలో 12.8 కి.మీ. వస్తుంది. ఎనిమిది మైళ్ళు 12.87. పెద్దల లెక్క ఎందుకు నిలబడిందో అర్థమైందా? మైలుకీ కోసుకీ సంబంధం లేకపోయినా మన వైపు కోసు రెండు మైళ్ళకి దగ్గరగానే నడిచింది.

ఏ నంబరు ఎప్పుడు

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే కాబట్టి కాస్త నెమ్మదిగా చెబుతాను.

పాతకాలపు దూరం నడిచిన దూరం. కాకి ఎగిరిన దూరం కాదు. చెరువు కట్ట చుట్టూ తిరిగినదీ, రేవు కోసం ఏటి ఒడ్డున ఎగువకి పోయినదీ అన్నీ అందులో ఉంటాయి. మ్యాపు మీద స్కేలు పెట్టి గీసే గీతలో అవేవీ ఉండవు. కాబట్టి "ఫలానా మజిలీ ఎక్కడుండాలి?" అని మ్యాపు మీద వెతుకుతుంటే సరళరేఖ కోసు వాడండి. వంకరలన్నీ ఆ 3.2లో ముందే ఇమిడిపోయాయి. "బండి ఎంత దూరం నడిచింది, రోజుకెంత పోయారు?" అన్నది ప్రశ్న అయితే రోడ్డు కోసు వాడండి. 18వ శతాబ్దంలో ఇంగ్లీషు సర్వేయరు రెన్నెల్ హిందుస్థానం పటం గీసినప్పుడు కూడా చేతికొచ్చిన కోసుల లెక్కల్లోంచి దారి వంకరల కింద కొంత తీసేసే దూరాలు పరిచాడు. ఆయనకి ఉపగ్రహం లేదు, మనకుంది, పద్ధతి మాత్రం అదే.

సగటు వంకర అన్నిచోట్లా సరిపోదు అనడానికి టావెర్నియరే మంచి ఉదాహరణ ఇచ్చాడు. అదే గోల్కొండ నుంచి వజ్రాల గని మీదుగా మచిలీపట్నం వెళ్తే 112 కోసులు అంటాడు. ఆయన కులూర్ అనీ గని అనీ రాసిన ఆ చోటు కృష్ణ ఒడ్డున ఉన్న కొల్లూరు. 1889లో ఆయన యాత్రని ఇంగ్లీషులోకి తెచ్చిన భూగర్భ శాస్త్రవేత్త వాలెంటైన్ బాల్ దాన్ని గుర్తించాడు. ఇప్పుడా చోటు పులిచింతల ప్రాజెక్టు నీళ్ళలో ఉంది.

మ్యాపు తీసి గోల్కొండకీ మచిలీపట్నానికీ గీత కొట్టండి. కొల్లూరు ఆ గీతకి దాదాపు ఆనుకునే ఉంటుంది, కొద్ది కిలోమీటర్లే తేడా. గోల్కొండ–కొల్లూరు, కొల్లూరు–మచిలీపట్నం రెండు ముక్కలూ కలిపినా మళ్ళీ 320 చిల్లరే. మరి ఆ పన్నెండు కోసులు, అంటే నలభై కిలోమీటర్లు, ఎక్కడి నుంచి వచ్చాయి?

కృష్ణ నుంచి. గోల్కొండ, మచిలీపట్నం రెండూ నదికి ఉత్తరాన ఉంటే కొల్లూరు దక్షిణపు ఒడ్డున ఉంది. గని మీదుగా పోవాలంటే నదిని రెండుసార్లు దాటాలి. దాటడమంటే రేవు ఉన్నచోటికి పోవడం, అక్కడి నుంచి మళ్ళీ దారి కలుపుకోవడం. పైగా ఆ ఒడ్డున గుట్టలు. స్కేలుకి ఇవేవీ తెలియవు. కాబట్టి మీ లెక్కలో ఎక్కడైనా పదో వంతు మించి తేడా వస్తే రాసినాయన్ని తిట్టే ముందు మధ్యలో ఏరుందా, కనుమ ఉందా చూడండి. నా అనుభవంలో సగం తగాదాలు అక్కడే తేలిపోతాయి.

ఇంకో చిన్న పరీక్ష కూడా చేసుకోవచ్చు. గని గోల్కొండ నుంచి తూర్పుగా ఏడు రోజుల ప్రయాణం అన్నాడాయన. సరళరేఖలో దాదాపు 190 కి.మీ. ఏడుతో భాగిస్తే రోజుకి 27, రోడ్డు మీద ముప్ఫై ఆ చుట్టుపక్కల. ఎద్దుల బండితో రోజంతా నడిస్తే అయ్యే పనే. యాభై అని వచ్చి ఉంటే అనుమానించాల్సిందే. ఆ "తూర్పు" కూడా గమనించండి. అసలు దిక్కు తూర్పు ఆగ్నేయం, తిన్నని తూర్పు నుంచి ఇరవై డిగ్రీలకి పైగా కిందికి. పాత రాతల్లో దిక్కుని దిక్సూచి అంకెలాగా చదవొద్దు.

ఊరి పేరు దగ్గర కూడా నిదానించండి. మ్యాపులో కొల్లూరు అని కొడితే బాపట్ల జిల్లాలో రేపల్లె పక్క మండలం వస్తుంది, హైదరాబాద్ శివార్లలో ఔటర్ రింగు రోడ్డు దగ్గరిదీ వస్తుంది. నీళ్ళలో మునిగినది ఎందుకు పైకొస్తుంది? పేరు కలిసినంత మాత్రాన పిన్ను గుచ్చేయకండి, ముందు దూరంతో సరిచూడండి.

తెలియని మజిలీని వెతకాలంటే రెండు పక్కల నుంచీ రండి. వెనకటి మజిలీ తెలుసు, తర్వాతది తెలుసు, మధ్యది తెలియదు. వెనకటి దాని నుంచి ఆయన చెప్పిన కోసుల్ని 3.2తో గుణించి ఒక చుట్టు, తర్వాతి దాని నుంచి ఇంకో చుట్టు గీయండి. గీతలా సన్నగా కాదు, అటూ ఇటూ అరకోసు మందంతో పట్టీలా గీయండి. మూడు కోసులు అన్నాయన రెండున్నర నడిచి ఉండొచ్చు, మూడున్నర నడిచి ఉండొచ్చు, ఎవరూ పావులు లెక్కపెట్టరు. రెండు పట్టీలూ కలిసినచోట రెండు మూడు ఊళ్ళు పడతాయి. వాటిలో పాత చెరువు, గుడి, కోట గోడ, సత్రం ఆనవాలు ఉన్నది చూసుకోవాలి. చిన్న మజిలీల్లో తప్పు శాతం ఎక్కువ, మొత్తం దారిలో తక్కువ. అందుకే మజిలీలు విడివిడిగా కలిపిన మొత్తం, ఆయన చివర్లో చెప్పిన మొత్తం సరిపోతున్నాయో లేదో ముందే కూడి చూడండి. సరిపోకపోతే మధ్యలో ఒక మజిలీ జారిపోయి ఉంటుంది, లేదా నకలు రాసినవాడు ఒక అంకె తప్పు దింపి ఉంటాడు.

దూరం బదులు జాములు, ఘడియలు రాసి ఉంటే ఘడియ 24 నిమిషాలు, జాము మూడు గంటలు అని తీసుకోండి. నడక వేగం మీరు ఊహించకండి. అదే యాత్రలో తెలిసిన రెండు ఊళ్ళ మధ్య ఎన్ని ఘడియలు పట్టిందో చూసి, అక్కడి నుంచే వేగం లాగండి. భాగించే సూత్రమే ఇక్కడా.

గొలుసుల గొడవ

ఇక గట్టు తగాదా వాళ్ళ సంగతి. వీళ్ళది చిన్న దూరం, పెద్ద టెన్షన్.

సరిహద్దుకి ఇటు నిజాం సర్వేలో గొలుసు 33 అడుగులు, దానికి 16 ఆనాలు. ఆ గొలుసు చదరమే గుంట, అంటే 121 చదరపు గజాలు. నలభై గుంటలు ఎకరం. అటు మద్రాసు ప్రెసిడెన్సీ సర్వేలో గంటర్ గొలుసు 66 అడుగులు, దానికి 100 లింకులు. లింకు 20.1168 సెంటీమీటర్లు. పది గొలుసులు ఫర్లాంగు, ఎనభై గొలుసులు మైలు. ఇవి చాలవన్నట్టు ఇంజినీర్ల గొలుసు 100 అడుగులది ఒకటుంది. 1802లో ఇంగ్లీషు సర్వే అధికారి లాంబ్టన్ మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఏడున్నర మైళ్ళ ఆధార రేఖ కొలిచింది అలాంటి 100 అడుగుల ఉక్కు గొలుసుతోనే. దేశం మొత్తాన్ని త్రిభుజాలతో కొలిచిన పెద్ద సర్వే అక్కడి నుంచి లేచింది.

కోదాడ వైపు టిపన్ మీద ఒక గట్టు పొడవు 14 గొలుసుల 8 ఆనాలు అని ఉందనుకోండి. ఎనిమిది ఆనాలు అంటే అర. పద్నాలుగున్నరని 33తో గుణిస్తే 478.5 అడుగులు, 0.3048తో గుణిస్తే 145.85 మీటర్లు. అదే పొడవు జగ్గయ్యపేట వైపు ఎఫ్ఎంబీలో (సర్వే శాఖ పొలం కొలతల పుస్తకంలో) 725 అని ఒక్క అంకె ఉంటుంది, పక్కన యూనిట్ కూడా రాయరు. అవి లింకులు. 0.201168తో గుణించండి, అదే 145.85. ఇప్పుడు ఇటు టిపన్‌ని అటు గొలుసుతో గుణిస్తే గట్టు 291 మీటర్లకి సాగి పక్కవాడి బావి దాటిపోతుంది. అలాంటి లెక్క జేబులో పెట్టుకుని కోర్టుకి పోదామన్నవాళ్ళని నేను కూర్చోబెట్టి టీ తాగించి పంపించాను.

గొలుసు ఏదో తెలియకపోతే విస్తీర్ణంతో పట్టుకోవచ్చు. అదే సర్వే నంబరుకి సేత్వార్‌లో, అంటే సర్వే అయ్యాక తయారుచేసిన భూమి రిజిస్టరులో, ఎకరాలు గుంటలు రాసి ఉంటాయి. టిపన్ కొలతలతో మీరు వేసిన వైశాల్యం దానికి సరిపోతే గొలుసు సరైనదే. రెట్టింపు గొలుసు వాడితే వైశాల్యం నాలుగింతలు వస్తుంది, దాక్కోలేదు.

టిపన్ ఉర్దూలో ఉంటే అంకెల్ని జాగ్రత్తగా చూడండి. ఉర్దూలో సున్నా ఒక చుక్క. అసలు కాగితం మీద సిరా చుక్క తెలుస్తుంది గానీ జిరాక్స్‌కి జిరాక్స్ తీసిన కాపీలో అది మాయమైపోతుంది, పది కాస్తా ఒకటైపోతుంది. మడత దగ్గర పడ్డ మురికి చుక్క వల్ల రెండు ఇరవై అవడమూ ఉంది. ఐదేమో మన సున్నాలా గుండ్రంగా కనిపిస్తుంది. అనుమానం వస్తే భూతద్దంతో అసలు కాగితం చూడాలి, ఫోన్లో ఫొటో పెద్దది చేసుకుని తీర్పు చెప్పొద్దు.

గొలుసు నేల మీద పడుకుని పోతుందని కూడా గుర్తుంచుకోండి. ఉపగ్రహం ఇచ్చేది సమతలం దూరం. ఎనిమిది డిగ్రీల వాలు మీద గొలుసుతో నూరు మీటర్లు కొలిస్తే మ్యాపు మీద 99 పడుతుంది. మాగాణిలో ఈ గోల లేదు, గుట్ట పక్క చెలకల్లో ఉంటుంది.

నేల మీదికి దించేటప్పుడు చెట్టు నుంచో బావి నుంచో మొదలుపెట్టకండి. మూడు ఊళ్ళ పొలిమేరలు కలిసే ట్రైజంక్షన్ రాయి దొరికితే అదే మొదలు. అది లేకపోతే కదలని రెండు సర్వే రాళ్ళు పట్టుకోండి. వాటి మధ్య దూరం రోవర్‌తో (ఉపగ్రహ సంకేతాలతో చోటు కొలిచే పరికరంతో) కొలిచి రికార్డులో దూరంతో భాగించండి. నిష్పత్తి ఒకటికి దగ్గరగా వస్తే సరే, లేకపోతే ఆ గొలుసు సాగిందో, రాయి జరిగిందో తేల్చాలి. ఆంధ్ర వైపు రీసర్వే 2020 డిసెంబరులో జగ్గయ్యపేట దగ్గర తక్కెళ్ళపాడులోనే మొదలైంది కాబట్టి ఆ చుట్టుపక్కల వాళ్ళకి రోవర్ కొత్త కాదు. అయినా రోవర్ ఇచ్చేది ఇవాళ గట్టు ఎక్కడుందో మాత్రమే. ఎక్కడుండాలో చెప్పేది పాత కాగితమే.

టోపో షీటు మీది అంకెలు

పాత సర్వే ఆఫ్ ఇండియా షీట్ల నుంచి అక్షాంశ రేఖాంశాలు తీసి నేరుగా ఫోన్లో కొట్టేవాళ్ళు ఎక్కువ. ఆ షీట్లు ఎవరెస్ట్ గోళం (భూమి ఆకారానికి పాత సర్వే వాడిన లెక్క) మీద గీసినవి, ఫోను డబ్ల్యూజీఎస్ 84 అనే కొత్త లెక్క మీద నడుస్తుంది. ఎవరెస్ట్ లెక్కలో భూమి నడుము వ్యాసార్ధం 6,377 కి.మీ. చిల్లర, డబ్ల్యూజీఎస్‌లో 6,378.137. వాటి కేంద్రాలు కూడా ఒకచోట లేవు. ఫలితంగా మా కోదాడ దగ్గర షీటు అంకెని అలాగే కొడితే అసలు చోటికి ఆగ్నేయంగా దాదాపు 200 మీటర్ల అవతల పొలంలో తేల్తారు. క్యూజీఐఎస్‌లో షీటుని కల్యాణ్‌పూర్ డేటమ్ (ఆ షీటు అక్షాంశ రేఖాంశాలకి మూలమైన లెక్క) అని చెప్పి జియోరిఫరెన్స్ చేసి, అంటే దాని అక్షాంశ రేఖాంశాల మీద కూర్చోబెట్టి, తర్వాత డబ్ల్యూజీఎస్ 84లోకి మార్పించండి, సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది. చివరగా షీటులో ఉన్న ఒక పాత గుడి ఉపగ్రహ చిత్రంలో గుడి మీదే పడిందా లేదా చూసుకోండి. ఇస్రో మ్యాపుల సైటు భువన్‌లోనూ ఈ పరీక్ష చేయొచ్చు. 2005 తర్వాతి ఓపెన్ సిరీస్ షీట్లకి ఈ బాధ లేదు, అవి మొదటి నుంచీ డబ్ల్యూజీఎస్ 84 మీదే.

ఇంకా వెనక్కి, 1905 ముందరి పటాలకి పోతే వేరే గొయ్యి ఉంది. వాటి రేఖాంశాలన్నీ మద్రాసు అబ్జర్వేటరీ నుంచి లెక్కగట్టినవి. ఆ అబ్జర్వేటరీ రేఖాంశమే తూర్పుకి రెండున్నర నిమిషాల మేర ఎక్కువ తీసుకున్నారు. మన దగ్గర అది నాలుగు కిలోమీటర్లకి పైనే. ఊళ్ళన్నీ ఒకే లెక్కన తూర్పుకి జరిగి కనిపిస్తే కారణం ఇదే. షీటు అంచున చిన్న అక్షరాల్లో ఈ సవరణ రాసి ఉంటుంది, ముందు అది చదవండి.

కోదాడ వాళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట: మన ఊరు సరిగ్గా 80 డిగ్రీల రేఖాంశం పక్కన ఉంది. అందుకని మనం 56వ నంబరు షీటు అంచున పడతాం, జగ్గయ్యపేట 65లోకి పోతుంది. రెండూ తెచ్చుకోండి.

దూరాలకి మాత్రం ఈ డేటమ్ భయం అక్కర్లేదు. రెండు కొసలూ ఒకే షీటు లెక్కలో ఉంటే, గోల్కొండ నుంచి మచిలీపట్నం దాకా కొలిచినా గోళం మార్చినందుకు వచ్చే తేడా కొన్ని పదుల మీటర్లే. భారత సర్వే అడుగు 0.3048 మీటర్లకి వెంట్రుకవాసి తక్కువ, కిలోమీటరుకి మిల్లీమీటరున్నర. గట్టు తగాదాలో దాన్ని ఎత్తే లాయరు ఇంకా పుట్టలేదు.

రాసిపెట్టే విధానం

లెక్క అయ్యాక "గోల్కొండ–మచిలీపట్నం 349.6 కి.మీ." అని రాసేయకండి. టావెర్నియర్ ఇచ్చింది నూరు అనే గుండు సంఖ్య, దాన్నుంచి దశాంశాలు పుట్టవు. ఎక్సెల్లో ఒక వరుస పెట్టుకుని మూలంలో ఉన్న అంకె, యూనిట్ ఉన్నది ఉన్నట్టు మొదట రాయండి, వాటిని ఎప్పటికీ చెరపొద్దు. పక్క గడిలో మీరు వాడిన కోసు ఎంతో, దాన్ని ఏ రెండు ఊళ్ళ మధ్య సరిచూశారో రాయండి. ఆ పక్కన అది సరళరేఖా, రోడ్డా. తర్వాత కిలోమీటర్లు, అటూ ఇటూ ఎంతో. యాత్రికుల కోసులకి నేను పది శాతం పెడతాను, మజిలీ చిన్నదైతే అరకోసు. గొలుసు కొలతలకి మీటర్లలో రెండో దశాంశం వరకు సరే. చివరి గడిలో అక్షాంశ రేఖాంశాలు, అవి ఏ డేటమ్‌లో ఉన్నాయో. ఈ డేటమ్ గడి ఖాళీగా ఉన్న ఫైలు ఎవరైనా పంపితే నేను తిప్పి పంపేస్తున్నాను.